రొట్టెలమ్మ క్యాసెట్టు

"ఇప్పుడు చెయ్యి ముసుగంచుకు తుడుచుకుంటాది. ఆ తర్వాత కోడిని కాలితో అవతలికి తోస్తాది సూడు" అన్నాను.

లాప్‌టాప్‌లోని ముసలామె పిండి చేతిని తెల్లటి ముసుగు అంచుకు తుడుచుకుంది. గిన్నె దగ్గరికి వచ్చిన కోడిని పాదంతో మెల్లగా పక్కకు తోసింది.

మా మేనకోడలు సినిమా వదిలేసి నన్ను చూసింది. "ఇది నువ్వు ముందే చూసినావా అత్తా?"

"చూసినా. ఇరవైసార్లు చూసింటా."

"ఎట్లా చూస్తావ్? పోయినేడు తీసిన సినిమా. మన దేశంలో ఇంగా యాడా ఆడనే లేదు."

మా మేనకోడలిది ప్రొద్దుటూరులో మా ఇంటికి రెండు వీధుల అవతల. పరభాషా సినిమాలకు కింద తెలుగు మాటలు రాసే పని ఇంట్లోనే కూర్చుని చేస్తుంది. సేద్యం మాటలో, వంటింటి మాటలో తట్టకపోతే ముప్ఫై ఏళ్ళు బళ్ళో తెలుగు చెప్పిన అత్త ఉంది కదా అని నా దగ్గరికి వస్తుంది. ఈసారి తెచ్చింది ఒక పాలస్తీనా అమ్మాయి తీసిన డాక్యుమెంటరీ. "కాల్పులూ గీల్పులూ ఏమీ ఉండవత్తా. సైన్యం చేతికింద బతుకుతా ఆ ఊరోళ్ళు పొద్దున లేస్తే ఏం చేస్తారో అదే" అని ముందే చెప్పింది. గుంతపొయ్యిని మన దగ్గర ఏమంటారో కనుక్కుందామని ఆ ముక్క పెట్టింది. సినిమా తీసిన అమ్మాయి దగ్గరున్న పాత వీడియో క్యాసెట్టులోని ముక్క అది. ఆ ముసలామె ఆ అమ్మాయికి నాయనమ్మ అట.

"దీని తర్వాత ఇంగో చోటుంది. ఆడ మాట ఎవరికీ తెలీలేదంట. అది గూడా నీకు వినిపిద్దామని..." అంటోంది.

ముసలామె రొట్టెను గుంతపొయ్యిలోని వేడి గులకరాళ్ళ మీద పరిచి, మూత పెట్టి, మూత మీదకు నిప్పులూ బూడిదా లాగింది. 

"ఆపు! ఆడనే ఆపు. ముందు నేను చెప్పేది విను. తర్వాత నడుపుదువు" అన్నాను.

అది నా పదేళ్ళ వయసు వేసవి. ఏడాది పరీక్షల చివరి రోజు సాయంత్రానికల్లా మా అమ్మ మమ్మల్ని ప్రొద్దుటూరు బస్టాండులో నిలబెట్టేది. జమ్మలమడుగులో దిగి, బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని ఇంకో బస్సు ఎక్కితే పెన్న ఒడ్డున అవ్వ వాళ్ళ ఊరు. నాపరాతి గోడలు, మట్టి మిద్దెలు. మిద్దె మధ్యలో వెలుతురు కోసం గవాచి. ఆ ఇంట్లో అడుగు పెడితే మొదట చెనిగనూనె వాసన, తర్వాత బర్రెల కొట్టం వాసన, ఆ తర్వాత జొన్నరొట్టె వాసన వచ్చేవి. బండల మీద బోర్లా పడుకుంటే పొట్ట చల్లగా ఉండేది. ఆ చల్లదనం కోసం మేం పిల్లలం స్థలాలు పంచుకుని కొట్టుకునేవాళ్ళం.

మా అవ్వ, అంటే అమ్మ వాళ్ళమ్మ, మాటకు గట్టిది, చేతికి మెత్తనిది. మా తాత పోయి అప్పటికి ఏడేళ్ళు. అప్పట్నుంచీ బొట్టు లేని నొసలు, నెత్తిమీదికి కప్పుకున్న కొంగు. ఊళ్ళో ఎవరింట్లో శుభకార్యమైనా ముందురోజు దాకా పనంతా చేసిపెట్టి, ముహూర్తం వేళకు మాత్రం ఎవరికీ ఎదురు పడకుండా పెరట్లో కూర్చునేది. ఎవరూ కూర్చోమని చెప్పక్కర్లేదు, అది అందరికీ తెలిసిన పద్ధతి. మాకూ అది తప్పని తోచలేదు. అవ్వ పెరట్లో ఉంటే ఓళిగలు ముందు మాకే దొరుకుతాయని సంతోషపడేవాళ్ళం. అంత తెలివి మాది!

ఆ వేసవిలో రెండు విశేషాలు. ఒకటి మా చిన్నమ్మ పెళ్ళి. రెండోది పెద్దమామ కువైట్ నుంచి రావడం. చెల్లెలి పెళ్ళి కోసమే రెండు నెలల సెలవు పెట్టి వచ్చాడు. ఆయన పెట్టె తెరవగానే ఇల్లంతా సబ్బు వాసన, అత్తరు వాసన. దుప్పట్ల కింద నుంచి పెద్ద టీవీ, దాంతోపాటు డెక్కు బయటపడ్డాయి. వీడియో ఆడించే యంత్రాన్ని అప్పుడు డెక్కు అనేవాళ్ళం. డెక్కు కొత్తది కాదు. మామ అక్కడ ఒక ఇంజనీరు ఇంట్లో కారు తోలేవాడు. ఆ ఇంజనీరు కొత్త డెక్కు కొనుక్కుని పాతది మామకు ఇచ్చేశాడు.

మొదటి రోజు మధ్యాహ్నం ఊరు ఊరంతా మా నడవలో కూర్చుంది. గవాచికి గోనెపట్ట కప్పి చీకటి చేశారు. మామ మీట నొక్కగానే డెక్కులో అదివరకే ఉండిపోయిన క్యాసెట్టు ఒకటి తిరగడం మొదలుపెట్టింది. పేర్లు లేవు, పాట లేదు. ఒక ముసలామె పిండి పిసుకుతోంది.

"హీరో ఎప్పుడొస్తాడు మామా?" అన్నాను.

"నోరు మూసుకోని సూడు పాపా. ఈమె కొడుకే హీరో అయింటాడు. రైలు దిగి వస్తాడు" అన్నాడు మా అవ్వ వాళ్ళ అన్న. సినిమాల విషయంలో ఆయన మాటకు ఊళ్ళో తిరుగులేదు.

హీరో రాలేదు. ముసలామె రొట్టెలు కాల్చింది. కోళ్ళకు గింజలు వేసింది. ఏవో చిన్న పచ్చికాయలు రాయితో చితక్కొట్టి ఉప్పునీళ్ళలో వేసింది. గంప తీసుకుని చేనికి బయలుదేరింది. దారికి అడ్డంగా జీపు, దాని పక్కన తుపాకులు పట్టుకున్న సైనికులు. ఆమె రాయి మీద కూర్చుంది. కూర్చునే ఉంది. కొంగులోంచి రొట్టె తీసి తినింది. చివరికి ఒకడు చెయ్యి ఊపి వెనక్కి పొమ్మన్నాడు. లేచి బట్టలు దులుపుకుని ఇంటికి వచ్చింది. మర్నాడు మళ్ళీ పిండి పిసికింది, మళ్ళీ గంప తీసుకుంది.

అక్కడికి మగవాళ్ళు సగం మంది లేచిపోయారు. మామ సిగ్గుతో క్యాసెట్టు తీసేయబోతే మా అవ్వ ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఉండబ్బీ. ఆ చేను ఎవురిది?"

"ఆయమ్మదేమా. మా సారు వాళ్ళమ్మ ఆమె. ఆ చెట్లు వాళ్ళ ముత్తాతల కాలంవి."

"మరి ఆ తుపాకులోళ్ళకేం పని ఆడ?"

"ఆ నేలంతా ఇప్పుడు వాళ్ళ చేతిలో ఉండాదిమా. చేనికి పోవాలన్నా చీటీ రాయించుకోవాల. మా సారు సొంత తల్లిని చూసి రావాలన్నా చీటీ కావాల. ఒకోసారి ఇస్తారు, శానాసార్లు ఇయ్యరు. అందుకనే ఆయన తమ్ముడు ఇట్లా తీసి పంపినాడు. సారు డ్యూటీ నుంచి వచ్చి ఇదే పెట్టుకోని సూస్తాంటాడు."

"తన చేనికి తాను పోయేదానికి చీటీనా!" అంది అవ్వ. ఆ మాటకు నడవలో ఉన్న ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. గట్టు జానెడు జరిగితే కొడవళ్ళు లేచే ఊరు మాది. చేను మాట వాళ్ళకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాత మామ ఆదివారం ఆదివారం ప్రొద్దుటూరు నుంచి సినిమా క్యాసెట్లు అద్దెకు తెచ్చేవాడు. కానీ మిగతా రోజుల్లో మధ్యాహ్నం పని ముగించుకుని వచ్చిన ఆడవాళ్ళు చెనిగకాయలు ఒలుచుకుంటూ "రొట్టెలమ్మను పెట్టు నాయనా" అనేవాళ్ళు. వాళ్ళు పెట్టిన పేరే అది. ఆ కాయలేమిటని పెద్ద వాదన జరిగింది. కలివికాయలని ఒకామె, కాదు పచ్చి రేక్కాయలని ఇంకొకామె పట్టుబట్టారు. ఆలివ్ అన్న మాట ఆ ఊళ్ళో ఎవరమూ వినలేదు. ఊరేసేదైతే ఏదైనా ఊరగాయే అని మా అవ్వ తీర్పు చెప్పింది. రొట్టె తట్టే తీరు బాగుందనీ, పిండి మాత్రం కొంచెం పలచన కలిపిందనీ కూడా చెప్పింది.

మాటలు అర్థం కావాలని వీధి చివర బట్టలు కుట్టే సాయిబు తాతను పిలిపించారు. ఆయన అరబ్బీ చదవగలడు. అద్దాలు పెట్టుకుని టీవీ ముందు బాసింపట్లు వేసుకుని కూర్చుని, చెవి దగ్గరగా పెట్టి చాలాసేపు విన్నాడు.

"ఏమంటాంది తాతా?"

"దేవుని పేరు తల్చుకోని పిండి ముట్టుకునింది. దేవుని పేరు తల్చుకోని పొయ్యి ముట్టించింది. దేవుని దయ అనింది" అన్నాడు.

"మిగతాది?"

"మిగతాది నాకు తెల్దు పాపా. నేను చదివేది దేవుని మాటలే, ఇంటి మాటలు యాడ తెలుస్తాయి?" అన్నాడు. తెలియనిది తెలియదని అంత పెద్దాయన చెప్పడం నాకు భలే నచ్చింది. తర్వాత టీచరునయ్యాక పిల్లల ముందు ఆ మాట అనాల్సి వచ్చినప్పుడల్లా ఆయన గుర్తొచ్చేవాడు. పోతూపోతూ, "ఆ దేశం శానా పెద్ద తావు. మొదట్లో మావాళ్ళు నమాజు ఆ దిక్కుకు తిరిగే చేసేవాళ్ళు" అని చెప్పి వెళ్ళాడు. ఆరోజు నుంచి మా అవ్వ ఆ టీవీ మీద లాంతరు పెట్టనివ్వలేదు.

పెళ్ళికి పది రోజుల ముందు కువైట్ నుంచి వచ్చిన రాయచోటి మనిషి చేత సారు జాబు పంపాడు. డెక్కులో క్యాసెట్టు ఉండిపోయిందనీ, అది అమ్మదనీ, వచ్చేటప్పుడు భద్రంగా తెమ్మనీ ఆ జాబు. తమ్ముడి కెమెరాను దారిలో సైనికులు లాక్కున్నారట. ఇక అమ్మను తీయడానికి వీల్లేదు, ఉన్నది ఆ ఒక్క క్యాసెట్టే. మామ జాబు చదివి వినిపించాడు. తర్వాత క్యాసెట్టును తీసి టీవీ మీద అద్దె క్యాసెట్లకు దూరంగా పెట్టి, "దీని జోలికి పోతే చేతులిరుగుతాయి" అని మా వంక చూశాడు.

నా జాతకం ఎట్లాంటిదంటే, వద్దన్న పని చేసేదాకా నాకు అన్నం అరిగేది కాదు. క్యాసెట్టు వీపున మూలకు గోరంత ప్లాస్టిక్ పలుకు ఉంటుంది. నెమ్మదిగా గోరుతో తోశాను. టక్కుమని విరిగింది. చింతగింజల డబ్బాలో దాచేలోపే మామ చూశాడు. వీపు మీద నాలుగు పడ్డాయి. అవ్వ అడ్డం వచ్చి, "పలుకే కదరా ఇరిగింది, బొమ్మ బాగానే వస్తాంది కదా" అని నన్ను కొంగులో దాచుకుంది. నిజమే, బొమ్మ బాగానే వచ్చింది. పెళ్ళి ముందురోజు మధ్యాహ్నం పెట్టుకుంటే రొట్టెను పొయ్యిలో పెట్టి మూత వేసేదాకా వచ్చి కరెంటు పోయింది.

"అయ్యో, ఈ కరెంటోళ్ళు వచ్చేలోపల రొట్టె మాడిపోతాదేమో" అంది అవ్వ. నడవంతా నవ్వింది. ఆ రోజుకు కరెంటు రాలేదు. క్యాసెట్టు అక్కడే ఆగిపోయింది. తెల్లారి కరెంటు వచ్చాక మామ దాన్ని వెనక్కి తిప్పకుండానే తీసి మళ్ళీ టీవీ మీద పెట్టాడు.

పెళ్ళికొడుకు వాళ్ళది పులివెందుల అవతల వేముల దగ్గర ఊరు. చీనీతోటలున్న మోతుబరి ఇల్లు. వాళ్ళు గట్టిగా అడిగింది ఒక్కటే, పెళ్ళి వీడియో తీయించాలని. అప్పుడు పులివెందుల్లో వీడియో లేని పెళ్ళి పెళ్ళే కాదు. ప్రొద్దుటూరు నుంచి వీడియో ఆయన వచ్చాడు. భుజం మీద పెట్టుకునే పెద్ద కెమెరా. డెక్కులో పెట్టే క్యాసెట్టే దాంట్లోనూ పెట్టేవాళ్ళు.

మా ఊరివాళ్ళకు కెమెరా అంటే ఫోటో కెమెరాయే. ఆయన ఎవరి వైపు తిప్పినా వాళ్ళు ఊపిరి బిగబట్టి కొయ్యబొమ్మల్లా నిలబడిపోయేవాళ్ళు.

"కదలండప్పా, ఇది ఫోటో కాదు!"

"నువ్వు ముందు తియ్యప్పా, తర్వాత కదుల్తాం" అన్నాడు మా అవ్వ అన్న, మీసం మీద చెయ్యేసి. ఆయన్ను ఒక్కణ్ణే తీస్తే తమ్ముడికి కోపం, తమ్ముణ్ణి తీస్తే వియ్యంకుడికి కోపం. ఒక్కో ఇంటివాళ్ళు వరసగా వచ్చి, చంటిపిల్లలతో సహా బిర్రబిగుసుకుని నిలబడి, ఆయన చాలన్నా కదలకుండా ఇంకాసేపు నిలబడి వెళ్ళారు. పగలు పదిన్నరకు ముహూర్తం. పది దాటేసరికి ఆయన తెచ్చిన రెండు క్యాసెట్లూ నిలబడినవాళ్ళతోనే నిండిపోయాయి.

"తాళి కట్టేదానికి క్యాసెట్టు లేదప్పా. ఇంట్లో ఏమన్నా ఉంటే ఇయ్యండి, పాతదైనా పర్లేదు, దాని మీదనే తీస్తా" అన్నాడు వీడియో ఆయన. తాత లేడు కాబట్టి కన్యాదానానికి పెద్దమామా అత్తా పీటల మీద కూర్చున్నారు, లేవడానికి లేదు. ఆయన తమ్ముడు, మా చిన్నమామ, లోపలికి పరుగెత్తాడు. అద్దె క్యాసెట్లన్నీ ముందురోజే ప్రొద్దుటూరు పోయాయి. టీవీ మీద ఒక్కటే ఉంది. దాన్నే పట్టుకుని వచ్చి, "దీంట్లో ఏముందిలే, రొట్టెలే కదా" అని ఇచ్చేశాడు. చిన్నమామ చెడ్డవాడేం కాదు. చెల్లెలి పెళ్ళి ముందు ఆయనకు ఇంకేదీ కనపడలేదు.

వీడియో ఆయన దాన్ని కెమెరాలో పెట్టి ఎర్ర మీట నొక్కాడు. పట్టలేదు. బయటికి తీసి వీపు చూశాడు. "ఎవురో పలుకు ఇరగ్గొట్టినారు. ఇది లేకపోతే రికార్డు కాదు. కాయితం ముక్క, అంటించేదానికి టేపు ఉంటే ఇయ్యండి" అన్నాడు. ఎవరో శుభలేఖ మూల చించి ఇచ్చారు. ఆయన దాన్ని మడిచి ఆ బొక్కలో కుక్కుతున్నాడు.

ఆయన చేతిలో ఉన్నదేమిటో నాకు అప్పుడు తెలిసింది. పెరట్లోకి పరుగెత్తాను. అవ్వ కొట్టం పక్కన తలనిండా కొంగు కప్పుకుని అరిటాకులు తుడుస్తోంది.

"అవ్వా! రొట్టెలమ్మ మీద చిన్నమ్మ పెళ్ళి తీస్తాండారు!"

"మీద అంటే?"

"ఇది ఎక్కితే అది చెరిగిపోతాది!"

అవ్వ లేవలేదు. తడిగుడ్డ చేతిలోనే ఉంది. ముందు వాకిలి వైపు చూసింది, నా వైపు చూసింది, మళ్ళీ వాకిలి వైపు చూసింది. ఇంత చెప్పినా ఎందుకు లేవదని నాకు ఏడుపొచ్చింది. ఆ కాసేపట్లో ఆమె దేన్ని దేనితో తూచుకుందో నాకు అర్థం కావడానికి పాతికేళ్ళు పట్టింది. కూతురి పెళ్ళి, తాను ఎదురుపడితే చెడు జరుగుతుందన్న భయం ఒకవైపు. ఒక్కసారీ చూడని, పేరు కూడా తెలియని ఒక ముసలామె ఇంకోవైపు.

అవ్వ లేచింది. నడవ దాటింది. గడప దగ్గర ఒక్క క్షణం ఆగింది. తర్వాత పందిట్లోకి పరుగెత్తింది. మేళం మోగుతోంది, కెమెరా మీద ఎర్ర దీపం వెలిగి ఉంది. ఆమె అరచెయ్యి పోయి నేరుగా కెమెరా అద్దం మీద పడింది.

"నిలుపప్పా! ఆ యమ్మ రొట్టె ఇంకా పొయ్యిలోనే ఉండాది!"

మేళం ఆగిపోయింది. అప్పుడు చూశారు అందరూ, ముహూర్తం వేళకు మంటపం ముందు నిలబడిన మా అవ్వను.

"ఇదేం పనమ్మా? ఈ ఏళకు ఈమె ఎదురు రావడమేంది?" అంది పెళ్ళికొడుకు మేనత్త.

అవ్వ చెయ్యి కిందికి దించింది. కొంగు నొసటి మీదికి లాక్కుని వెనక్కి తిరిగింది. ఆ నడక నాకు ఇప్పటికీ కనపడుతుంది. 

"మా! యాడికి పోతాండావు?" పీటల మీద నుంచి మా చిన్నమ్మ గొంతు. తల వంచుకుని కూర్చోవలసిన పెళ్ళికూతురు తలెత్తింది. "ఆడనే నిలబడు. నువ్వు పెరట్లోకి పోతే నేనూ లేసి నీ ఎనకాలే వస్తా."

పందిరి గుసగుసలాడింది. పెళ్ళికొడుకు తండ్రి గుబురు మీసాల మనిషి, ఎప్పుడూ నవ్వగా చూడలేదు. ఆయన పంతులు వైపు తిరిగి, "సామీ, శాస్త్రమేమంటాది?" అని అడిగాడు.

పంతులు గడియారం చూసుకున్నాడు. "ముహూర్తం మించిపోతోంది నాయనా. కన్నతల్లి అక్షింతలు వేస్తే కాదనే శాస్త్రం నేను చదవలేదు."

"అయితే కానియ్యండి."

"మరి వీడియో?" అన్నాడు వీడియో ఆయన.

"ఊరంతా కండ్లు పెట్టుకోని సూస్తాంటే నీ వీడియో యాల అప్పా? ఎత్తిపెట్టు" అన్నాడు పెళ్ళికొడుకు తండ్రి.

మా అవ్వ పందిట్లో నిలబడి కూతురి మెడలో తాళి పడటం చూసింది. ఆమె గుప్పిట్లోని పసుపు అక్షింతలు కూతురి తల మీద పడటం నేను పక్కన నిలబడి చూశాను. దానికి వీడియో లేదు.

అయినా ఆ ఏడాదంతా అవ్వకు గుండె దడే. చిన్నమ్మకు జలుబు చేసినా తన వల్లే అనుకునేది. శ్రావణంలో చిన్నమ్మనూ చిన్నాయననూ గండి ఆంజనేయస్వామి దగ్గరికి తీసుకుపోయి మొక్కు తీర్చాక గానీ కుదుటపడలేదు. ఏమీ కాలేదు. చిన్నమ్మ ఇప్పటికీ పులివెందుల్లో చిన్నాయనతో రోజుకు మూడుసార్లు పోట్లాడుతూ నిక్షేపంలా ఉంది.

మామ తిరిగి పోయేటప్పుడు సాయిబు తాత ఆ క్యాసెట్టుకు కొలత తీసుకుని మరీ తెల్లగుడ్డ సంచి కుట్టాడు. శుభలేఖ ముక్క పీకేశారు. మామ నాకు ఒక సబ్బు ఇచ్చి, "నువ్వు పలుకు ఇరగ్గొట్టకపోయింటే ఆ రెండు నిమిషాలు దొరికేవి కాదులే" అన్నాడు. తన్నినందుకు మాత్రం ఏమీ అనలేదు. నెల తర్వాత ఉత్తరం వచ్చింది. మామ చేరేలోపే ఆ తల్లి పోయిందట. సారు క్యాసెట్టు పెట్టుకుని ఏడ్చాడట. పెళ్ళి పందిరి వచ్చిన చోట ఇదేమిటని అడిగితే మామ అంతా చెప్పాడట. ఆ ఉత్తరం విన్న రోజు అవ్వ రొట్టెలు చేసి, మొదటి రొట్టె ఎవరికీ పెట్టకుండా గూట్లో పెట్టింది.

తర్వాత కువైట్‌లో యుద్ధం వచ్చింది. మామ కట్టుబట్టలతో ఇల్లు చేరాడు. సారు కుటుంబం ఏ దేశం పోయిందో తెలియలేదు. అవ్వ పోయింది. ఎన్నో ఏళ్ళకు పెన్న మీద రిజర్వాయరు నిండి ఆ ఊరు కూడా నీళ్ళ కిందికి పోయింది. గవాచి, బండలు, సాయిబు తాత కొట్టు అన్నీ పోయాయి. మాకు పరిహారం ఇచ్చారు, కాలనీలో స్థలాలిచ్చారు. తిట్టుకుంటూనే తీసుకున్నాం. ఆ రొట్టెలమ్మ కష్టం పక్కన మా కష్టాన్ని పెట్టి తూచే పని నేను చెయ్యను. కానీ ఊరు మునిగాక ఒకటి తెలిసింది. ఆ తమ్ముడు కెమెరాను సైనికుల మీద కాసేపే పెట్టి, రొట్టె మీద అంతసేపు ఎందుకు పెట్టాడో అర్థమైంది. మా ఊరి రొట్టెను ఎవరూ తీయలేదు. అవ్వకు పింఛను కోసం తీసిన చిన్న ఫోటో ఒక్కటే ఉంది, అందులోనూ కళ్ళు మూసుకుంది. చనిపోయే ముందు దాకా మామ, "ఆ క్యాసెట్టు ఏమైందో" అంటూనే ఉండేవాడు.

"ఇప్పుడు నడుపు" అన్నాను మేనకోడలితో.

పొయ్యి మూత మీద బూడిద. బొమ్మ అడ్డంగా చీలింది. ఒక్కసారిగా మేళం మోత. అరటి బోదె, మామిడి తోరణం, సున్నం కొట్టిన నాపరాతి గోడ. బిర్రబిగుసుకుని నిలబడిన మనుషులు, మీసం మీద చెయ్యి. మూలన పావడా పట్టుకుని పరుగెత్తుకొస్తున్న పిల్ల. దాని ముందు కొంగు జారిన మా అవ్వ, బొట్టు లేని నొసలు, తెరిచిన నోరు. తర్వాత తెరనిండా అరచెయ్యి, దాని మీద పగుళ్ళు, కొడవలి గాటు. మేళంలో కలిసిపోతూ అవ్వ గొంతు. అంతే, పది సెకన్లు. మూత లేచింది. రొట్టె పొంగి బయటికి వచ్చింది.

ఆ బొమ్మ మీద సినిమా తీసిన అమ్మాయి మాట్లాడుతోంది. మేనకోడలు అప్పటికే రాసిన తెలుగు కింద కనపడుతోంది. "ఈమె ఎవరో మాకు తెలియదు. మా నాన్న దగ్గర పనిచేసిన డ్రైవరు వాళ్ళమ్మ అని మాత్రం నాన్న చెప్పేవాడు. ఈ చెయ్యి లేకపోతే మీ నాయనమ్మ రొట్టె బయటికి వచ్చేది కాదు, దీన్ని ఎప్పుడూ కత్తిరించవద్దు అన్నాడు." తర్వాత ఇప్పటి రంగుల బొమ్మ. అదే గుంతపొయ్యి, మళ్ళీ కట్టింది. ఆ అమ్మాయి పిండి చేతిని చొక్కాకు తుడుచుకుని రొట్టె పరుస్తోంది. వెనక కొండ మీద చెట్లున్నాయి. చీటీ ఇప్పటికీ కావాలట. ఆమె ఇప్పటికీ పోతూనే ఉంది.

నేను ఏడుస్తున్నాను. మేనకోడలు నన్ను పట్టుకుంది. అవ్వ మాట దగ్గర కింద "తెలియని భాష" అని ఉంది.

"మన మాట మాదిరే వినపడిందత్తా. మేళం మోతలో నమ్మకం కుదరలా" అంది.

"అది చెరిపెయ్. నేను చెప్తా, రాయి. మార్చకుండా రాయి. ఆ అమ్మాయికి గూడా జాబు రాయి, ఆమె ఎవురో, ఏమనిందో."

మేనకోడలు అక్షరం అక్షరం కొట్టింది. ఆ యమ్మ రొట్టె ఇంకా పొయ్యిలోనే ఉండాది.

వెంటనే పులివెందులకు ఫోన్ చేశాను.

"చిన్నమ్మా, నీ పెళ్ళి వీడియో దొరికింది."

"ఏం వీడియోనే? తాళి కట్టేది ఉండాదా?"

"లేదు. అవ్వ ఉండాది."

 వెనక చిన్నాయన ఏందీ ఏందీ అని అడుగుతున్నాడు.

"ఫోన్లో పంపొద్దు" అంది చిన్నమ్మ. "పెద్ద తెర మీద సూడాల. పొద్దున మొదటి బస్సుకే వస్తాండా. పిండి కలిపి పెట్టు, నేనొచ్చి రొట్టెలు చేస్తా."